నోటికి పట్టే బర్గరు

అమ్మలూ,

దవడ పన్ను పీకించుకున్నాను, వాపు తగ్గుతోంది, అమ్మను కంగారు పడొద్దను. నువ్వు పెట్టబోయే బర్గర్ల కొట్టు కోసం మా గోడౌను వీధిలో ఉన్న మూడు కొట్లలోనూ తిని చూశాను. మొదటి చోట బర్గరు మేడంత ఎత్తు, నా నోరేమో సగమే తెరుచుకుంటోంది. రెండో చోట ఇటు కొరికితే లోపలిదంతా అటునుంచి జారి చొక్కా మీద పడింది. మూడో చోట వంటామె నా బుగ్గ చూసి, "ఆగండి బాబాయ్, అదిమి ఇస్తాను" అని పై బన్నును అరచేత్తో ఒక్క నొక్కు నొక్కింది. కొరికితే బన్ను, మాంసం, ఉల్లిపాయ అన్నీ కలిసే నోట్లోకొచ్చాయి. ప్రాణం లేచొచ్చింది.

పెనం కొన్నావా? తమ్ముడి దగ్గు తగ్గిందా?

నీ కొట్లో అందరికీ అలాగే అదిమి ఇవ్వు. నాకు మాత్రం మేడంత పెట్టు, నేనొచ్చేసరికి నోరు పూర్తిగా తెరుచుకుంటుంది.

చల్లగా ఉండు తల్లీ.

నాన్న