రికార్డు గెంతే చోట

డాడీ,

నువ్వు పోయాక ఇది మొదటి క్రిస్మస్. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఒక క్యాసెట్ కొన్నాను. నీ బాలే నాట్యం రికార్డులోని సంగీతమే, జాజ్‌లో. "మంచి పాటను ఖరాబు చేసుడే జాజ్" అనేవాడివి.

పొద్దున్నుంచి నీ రికార్డు ఒకసారి, ఈ క్యాసెట్ ఒకసారి మార్చి మార్చి పెడుతున్నాను. నీ వయొలిన్లు బుద్ధిగా వరుసలో నడుస్తాయి, ఈ శాక్సఫోన్ ఒకచోట నిలవదు. నేనూ అంతే. "జెర ఒక్కతాన కూసో బిడ్డా," అంటోంది అమ్మ.

మన రికార్డుకు గీత పడి, పాట మధ్యలో సూది గెంతేది గుర్తుందా? మనం ఆ గెంతుతోనే పాడుకునేవాళ్లం. ఇవాళ శాక్సఫోన్ ఆ చోట గెంతలేదు. మనం ఎన్నడూ వినని ముక్క తీరిగ్గా వినిపించింది.

వంటింట్లో కూనిరాగం తీస్తున్న అమ్మ ఆగిపోయింది. "వీడు తప్పు వాయిస్తున్నడు," అంది.

రికార్డు పెట్టాను. సూది గెంతింది. అప్పుడు కూర్చున్నాను.