దిగు అన్న మాట

కడప

పూజ్యులైన అన్నకు తమ్ముడు రామాంజనేయులు చేతులు జోడించి రాసేది. నేనిక్కడ బాగున్నాను. ఇంతకు ముందు రాసినప్పుడల్లా ఈ మాట అబద్ధమే. ఈసారి సగమైనా నిజం. అమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లుంది? వదిన, పిల్లలు, ఎద్దులు అంతా కులాసానా?

ఇక్కడి ఎండ మన ఊరి ఎండే. నాపరాళ్ల అంగడిలో బండలు చెక్కే పని దొరికింది, దానికేం లోటు లేదు. హోటలు కూడే గొంతు దిగదు. ఎవరైనా ఇటు వస్తే వదిన చేత చెనిక్కాయల పొడి కొట్టించి పంపు.

నీ జాబు చేరింది. బావిలో నీళ్లు పడ్డాయని, గంగపూజకు రమ్మని, ఊళ్లో నన్ను పిరికివాడనే నోళ్లు మూతపడాలంటే నేనే దిగి మొదటి బిందె ముంచాలని రాశావు. జవాబు రాస్తాను. దానికి ముందు నా సంగతి చదువు.

ఇక్కడికొచ్చిన కొత్తలో ఒకరోజు బస్సులో పనికి పోతున్నాను. కండక్టరు నా భుజం తట్టి "అంగడి వచ్చె, దిగప్పా, దిగు" అన్నాడు. నా చేతులు ముందు సీటు కడ్డీని పట్టుకున్నాయి. ఎంత విడిపించుకున్నా రాలేదు. బస్సు నన్ను అట్లే చివరిదాకా మోసుకుపోయింది. తాగినాడని జనం నవ్వారు. అన్నా, పొద్దున్నే గంజి తప్ప నేనేమీ తాగలేదు.

మా అంగడి యజమాని నన్నొక డాక్టరు దగ్గరికి పంపాడు. "నాకు దిగులు సార్" అన్నాను. ఆయన కోస్తా మనిషి. మన దిక్కు దిగులంటే భయమని ఆయనకెవరు చెప్పాలి? ఇంటి మీద బెంగ అనుకున్నాడు. "పెళ్లి చేసుకోవోయ్, అదే పోతుంది" అని సీసాలో ఎర్రమందు పోయించాడు. దాంతో ఆకలి పెరిగింది గానీ భయం అట్లే ఉంది.

నువ్వు చేయించిన వైద్యం కన్నా అదే నయం. నాతో మన బావి తవ్వుతూ చచ్చిన ఖాజా దయ్యమై నన్ను పట్టాడని మంత్రగాడి చేత కడుపు మీద వాతలు పెట్టించావు. కదలకుండా నా కాళ్లు అదిమి పట్టుకున్నది నువ్వే. బతికుండగా చీమకు కూడా హాని చేయనివాడు ఖాజా. చచ్చినాక నన్నెందుకు పడతాడు?

తర్వాత మాతో రాళ్లు చెక్కే ముసలాయన ఇంకొక డాక్టరు సంగతి చెప్పాడు. దర్గా దారిలో ఉంటాడు, మద్రాసు పిచ్చాసుపత్రిలో పనిచేసి వచ్చాడు. పిచ్చోడని పేరొస్తుందని సందుగొందుల్లో దాక్కుంటూ పోయాను. ఆ డాక్టరు సాబుది నంద్యాల దిక్కు. ఆయనకూ "నాకు దిగులు సార్" అనే చెప్పాను. ఆయన కలం పక్కన పెట్టి, "యాడ దిగులు పడితివప్పా?" అన్నాడు.

యాడ అని అడిగాడన్నా. ఇంతమందిలో ఆ మాట అడిగినవాడు ఆయనొక్కడే. నేను బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. ఆయన ఆపమనలేదు.

అప్పటినుంచి వారం వారం పోతున్నాను. మందేమీ ఇయ్యడు. బావి కాడ జరిగింది చెప్పమంటాడు. చెప్పుకుంటూ పోయి ప్రతిసారీ ఒకే చోట ఆగిపోయేవాణ్ణి. మొన్న గట్టిగా అడిగాడు.

"దిగమన్నది ఎవురప్పా?"

"పైనుంచి అన్నారు సార్."

"పైన ఎంతమంది ఉండ్రి?"

"ఒకరే."

"ఎవురు?"

"మా యన్న."

ఆ రెండు మాటలు బయటికి రావడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది. నీకు గుర్తులేదేమో, నేను గుర్తు చేస్తాను. బండ పగలడానికి బావిలో పెట్టిన పేలుడు మందుల్లో ఒకటి పేలలేదు. "తెల్లారి చూద్దాంలే న్నా" అని ఖాజా నిన్ను బతిమాలాడు. పేలని మందు కాడికి అదే రోజు పోగూడదని మన దిక్కు బావులు తవ్వే ప్రతివాడికీ తెలుసు. నువ్వు గట్టు మీద నిలబడి "పొద్దు పోతాంది, దిగండ్రా, దిగు" అన్నావు. ఖాజా ముందు దిగాడు. నేనింకా సగం మెట్ల మీద ఉండగానే అది పేలింది. వాడు తొందరపడి తనంతట తానే దిగాడని నువ్వు ఊరంతా చెప్పావు. నేను నోరు తెరవకముందే నాకు దయ్యం పట్టిందన్నావు. దయ్యం పట్టినోడి మాట ఎవరు నమ్ముతారు?

ఇప్పుడు కండక్టరు దిగమంటే దిగుతున్నాను. చెమట పడుతుంది, అయినా దిగుతున్నాను. సాబు అంతమాత్రం చాలన్నాడు.

ఇక నీ జాబుకు జవాబు. నేను పూజకు రాను. నీళ్లు తియ్యగా ఉన్నాయని రాశావు, ఉండనీ. మొదటి బిందె ఖాజా వాళ్లమ్మ ఇంటికి చేరాలి. నువ్వే ముంచి, నువ్వే మోసుకుపోయి ఆమె వాకిట్లో దించు.

అమ్మకు నా దండాలు. ఆమె చల్లని చెయ్యి నా తల మీద ఉండాలని చెప్పు. వదినకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నీకు కూడా దండమే, పెద్దవాడివి కదా.

ఇట్లు
నీ తమ్ముడు
రామాంజనేయులు

మరిచాను. బావిలోకి పోయేటప్పుడు గట్టు మీద ఎవరినైనా నిలబెట్టుకో అన్నా. దిగు అని చెప్పడానికి ఒక మనిషి ఉండాల కదా.