పేలిక కట్టిన తట్టలు

మార్తా,

నువ్వు పోయిన మూడేళ్లకి, నిన్న మన సుగుణ బాపట్ల కాలేజీలో ఆఖరి పరీక్షకు సార్ల ముందు నిలబడింది. తప్పితే చదువు ఆగిపోయేదే. నేను గుమ్మంలోనే కూర్చున్నాను.

"కణంలో తయారైన ప్రోటీను తన చోటికి ఎలా పోతుందమ్మా?" అన్నాడు పెద్ద సారు.

"రేపల్లెలో మా అమ్మకి రాయడం రాదండి. చేపల తట్టలకి రంగు పేలికలు కట్టేది. తెనాలి స్టేషన్లో నాన్న ఎర్ర పేలికైతే చీరాల బండి, పచ్చదైతే గుంటూరు బండి ఎక్కించేవాడు. చాలా ప్రోటీన్లకీ అలాంటి గుర్తే ఉంటుందండి. చేరాక పేలిక విప్పేసినట్టు కణం దాన్ని కోసేస్తుంది."

"పాసయ్యావమ్మా! ఇంత తేలిగ్గా మేమే చెప్పలేం."

"ఆ తట్టలు ఎక్కించింది నేనేనండి" అన్నాను, లేవకుండానే.

"పేలికలు కట్టినావిడ పేరేంటి?" అన్నాడు సారు.

కాలేజీ అంతా వినపడేలా చెప్పాను.