కొండ కొలత

చిన్మయీ,

ఎప్పుడు ఫోన్ చేసినా ఆసుపత్రి డ్యూటీ అంటావు కాబట్టి, కోడంబాక్కం నుంచి నీ మేనమామ చిరాకుగా రాస్తున్న ఉత్తరం ఇది.

మీ వేల్స్‌లో తీయాల్సిన సినిమా పాటను ఇక్కడి స్టూడియోలోనే, నేను బొమ్మ వేసే తెర ముందు తీస్తున్నారని చెప్పాను కదా. మీ ఇంటి దగ్గరి కొండనూ, దాని కింది రిజర్వాయరునూ ఫోటోలు తీసి పంపమన్నాను. పంపావు. ఒకదాంట్లో కొండ గోధుమరంగు, ఇంకోదాంట్లో ఊదా, మూడోదాంట్లో మంచు తప్ప అసలు కొండే లేదు. ఏది నమ్మాలి? విసుగొచ్చి పచ్చగా వేశాను. మేనేజరు చూసి, "ఇది మన రెడ్‌హిల్స్ చెరువు మాదిరి ఉండాదే అన్నా, ఆడ ఇట్టా ఉంటాదా?" అన్నాడు. తెరంతా మళ్ళీ తెల్లరంగు కొట్టాను.

రంగులు ఎలాగో కలుపుతాను. చిక్కంతా ఎత్తుతోనే. బొమ్మలో ముందు మనిషి ఉంటే, మనిషిని బట్టి గట్టు, గట్టును బట్టి కొండ వేస్తాం. నీ ఫోటోల్లో ఒక గొర్రె కూడా లేదు. అది గుట్టో, తిరుమలంత కొండో నాకెలా తెలుస్తుంది?

నిన్న మీ అమ్మకు చూపిస్తే, కళ్ళజోడు పెట్టుకుని ప్రతి ఫోటోనూ పెద్దది చేసి మూలమూలా వెతికింది. "బిడ్డ యాడా కనపళ్ళేదేరా" అంది.

వీడియో కాల్ చేసినా కెమెరా ఆపేసే మాట్లాడుతున్నావట. ఎందుకని నేను అడగను. రిజర్వాయరు గట్టు మీద నువ్వు నిలబడిన ఫోటో ఒకటి పంపు. కొలతకే అడుగుతున్నాను. ముఖం మాత్రం కనబడాలి.

నీ మామ