రెండు హాస్టళ్లు, ఒకే గ్రూపు

మంగళవారం రాత్రి, ఆత్మకూరు

కాలేజీలో వైఫై ఇచ్చే యాక్సెస్ పాయింట్లను, వాటన్నిటినీ ఒకేచోటి నుంచి నడిపే కంట్రోలర్‌లో గ్రూపులు చేస్తున్నాను. గ్రూపుకు ఏ సెట్టింగ్ పెడితే అందులో ఉన్నవాటన్నిటికీ అదే. సాయంత్రం కరస్పాండెంట్ గారు వచ్చారు.

"ఆడపిల్లల హాస్టల్‌ను వేరే గ్రూపులో పెట్టమ్మా. రాత్రి అన్నాలు తినంగానే నెట్ ఆపేయాల."

"మగపిల్లలకో సార్?"

"వాళ్లు చదువుకోవాల గదా!"

సీతారామపురం నుంచి వచ్చి ఆ ఆడపిల్లల హాస్టల్లోనే చదువుకున్నదాన్ని నేను. ఒళ్లు మండింది. ఆయన ముందే రెండు హాస్టళ్లనూ ఒకే గ్రూపులో కలిపేశాను.

"ఆపితే రెండూ ఆగిపోతాయి సార్. ఆపే బటన్ మీరే నొక్కండి" అని కంట్రోలర్ పాస్‌వర్డ్ చేతికిచ్చాను.

ఆయన కొడుకు ఉండేది మగపిల్లల హాస్టల్లోనే.

రేపు నా ఉద్యోగం ఉంటుందో, ఊడుతుందో...

అన్నాలై చాలాసేపైంది. ఇప్పటిదాకా ఆయన నొక్కలేదు.