కింద ఆగిపోయిన అభ్యర్థి

అమ్మకు,

నీ పెద్దమ్మాయి నమస్కారాలు. ఇక్కడ నేను, మీ అల్లుడుగారు కులాసాగా ఉన్నాం. నాన్నకు మోకాలి నొప్పి తగ్గిందని రాశావు, మనసు కుదుటపడింది.

నువ్వడిగినవాటికి జవాబులు. చెవి మిషన్ బాగుచేయించాను, ఇప్పుడు ఈల వేయడం లేదు. అయినా ఫోన్‌లో మాటలు ముద్దముద్దగానే వినిపిస్తాయి. గొంతు చించుకోకు, ఉత్తరమే రాయి. మీ అల్లుడుగారు వంట నేర్చుకున్నారు. తినగలుగుతున్నాం. ఇక "కొత్త గది ఇచ్చారా? తలుపు మీద నీ పేరు రాశారా?" అన్నావు. దానికి ముందు ఇంటర్వ్యూ సంగతి చెప్పాలి.

వైకల్యం ఉన్న విద్యార్థులు, ఉద్యోగులు ఇబ్బంది పడకుండా, చట్టం చెప్పిన ఏర్పాట్లన్నీ మా యూనివర్సిటీలో జరిగేలా చూసే సమన్వయకర్త పోస్టు అది. లైబ్రరీలో పనిచేస్తూ ఎన్నాళ్లుగానో ఎదురుచూశాను. తీరా ఆ రోజు లిఫ్టు పాడైంది. ఇంటర్వ్యూలేమో రెండో అంతస్తులో! మెట్ల దగ్గర చక్రాల కుర్చీలో ఒకాయన, ఒళ్లో ఫైలుతో కనిపించారు. "లిఫ్టు రేపటికి గానీ బాగవదండీ" అంటున్నాడు అటెండరు. ఇంటర్వ్యూలు ఆ రోజుతో సరి.

లోపల వైస్ ఛాన్సలర్ మేడమ్, "ఉద్యోగం ఇస్తే మొట్టమొదట ఏం చేస్తారు?" అని అడిగారు. బట్టీపట్టిన జవాబు ఉంది గానీ నోటికి రాలేదు.

"కింద ఒకాయన ఆగిపోయారు మేడమ్. ముందు మనమే కిందికి దిగుదాం."

"ఆయన మీకు పోటీ కదండీ?" అన్నారు పక్కనున్న రిజిస్ట్రారు గారు.

"అవును సార్. ఆయన్ని చూడకుండా ఈ పోస్టు ఎవరికిచ్చి ఏం లాభం?"

మేడమ్ కళ్లజోడు తీసి లేచి నిలబడ్డారు.

కింద రిసెప్షన్ దగ్గర కుర్చీలు లాక్కుని ఆయన్ని ప్రశ్నలడిగారు. ఆయన వేరే కాలేజీలో ఇదే పని చేస్తున్నారట. ఏ భవనానికి ఏం కావాలో, ఫిర్యాదు వస్తే ఎవరిని కదిలించాలో తడుముకోకుండా చెప్పారు. వెనక కూర్చుని ఆయన పెదవులే చూస్తున్నాను. నాకంటే బాగా చేస్తారని అర్థమైంది.

ఉద్యోగం ఆయనకే వచ్చిందమ్మా.

పక్కింటి పిన్నిగారికి నువ్వు ముందే చెప్పేశావని తెలిసి, రాయడానికి చేతులాడలేదు. ఆ సాయంత్రం మీ అల్లుడుగారి భుజం తడిసేలా ఏడ్చాను. "వాళ్లను దిగమనకుండా ఉండాల్సింది అనిపిస్తోందా?" అని అడిగారు. లేదన్నాను. అనిపించిందమ్మా. చాలాసేపే అనిపించింది. ఇది నీకొక్కదానికే చెబుతున్నాను.

మొన్న ఉద్యోగులందరికీ సమావేశం పెట్టారు. ఎప్పటిలా వెనక్కి వెళ్లబోతే, ఆ కొత్త సమన్వయకర్త గారు ముందు వరసలోకి రమ్మని సైగ చేశారు. గోడకు పెద్ద తెర. ఒకమ్మాయి కూర్చుని, ఎవరేం మాట్లాడినా అప్పటికప్పుడు టైపు చేస్తోంది. అక్షరాలు తెర మీద పడుతున్నాయి. మధ్యలో రిజిస్ట్రారు గారు జోకు వేశారు. ఇన్నేళ్లూ పక్కవాళ్ల మొహాలు చూసి, అందరూ ఆపేసే వేళకు నవ్వేదాన్ని. ఈసారి జోకు చదివాను. ఏమంత బాగోలేదమ్మా. అయినా అందరితోపాటే నవ్వాను.

ఇట్లు,
నీ మొండిపిల్ల