నంబరు లేనిదే కదలను

బిలాస్‌పూర్ రైల్వే కాలనీ
3 జూలై 2007. తెల్లారకముందు నుంచి వాన. కిటికీ రెక్క ఉబ్బి మూసుకోవడం లేదు; చిత్రిక పట్టి సరిచేశాను.

అమ్మా నీలవేణీ,

ఇక్కడ ఇద్దరం బాగున్నాం. నా బరువు ఇంకా బాగుంది. ఎనభై నాలుగు.

మీ ఆస్పత్రిలో లావు తగ్గాలనుకునే వాళ్ళకి ఫోన్లో మెసేజీలు పంపే పని నీకు ఇచ్చారనీ, అందులో నా పేరు చేర్చావనీ మీ అత్త చెప్పింది. సంతోషం. ఇంతవరకు పదకొండు అందాయి. దేనికీ ప్రైవేటు నంబరు లేదు. మా సిగ్నల్ కేబిన్‌కి స్టేషన్ మాస్టరు ఫోన్లో ఏం చెప్పినా చివర ఒక నంబరు చెప్తాడు. అది పుస్తకంలో రాసుకుని, తిరిగి మన నంబరు చెప్పాకే పట్టాలు మార్చే లీవరు మీద చెయ్యి వేస్తాం. నంబరు లేని మాట మా దగ్గర మాట కాదు. అంచేత పదకొండూ పెండింగులో ఉంచాను.

సెప్టెంబరు 27న మెడికల్. ఆరు కిలోలు తగ్గకపోతే కేబిన్ నుంచి తీసి ఆఫీసులో కుర్చీ ఇస్తారట. ఇంకా రెండేళ్ళ నాలుగు నెలల సర్వీసుంది. అది బళ్ళు కనబడేచోట చెయ్యాలని ఉంది. నంబర్లు త్వరగా పంపించు.

మావయ్య
సింహాచలం

తా.క. "ఇడ్లీలు రెండే" అన్నది కూడా పెండింగే. ఇవాళ అయిదు తిన్నాను.


విశాఖపట్నం
9 జూలై

మావయ్యా,

దణ్ణం పెట్టాలో దెబ్బలాడాలో తెలీక రెండూ చేస్తున్నాను.

నా లిస్టులో నూట ఇరవైమంది ఉన్నారు. ఒకాయన నా మెసేజీ చూడగానే ఫోను కట్టేస్తాడు. ఒకావిడ జిలేబీ తిన్న ప్రతిసారీ క్షమాపణ పంపుతుంది. నంబరు అడిగింది మీరొక్కరే. మొన్న ఫోను చేస్తే ఏం చేశారు? నేనన్న ప్రతి ముక్కా తిరిగి నాకే అప్పజెప్పారు. "నడుం కొలత ఎంత?" అంటే మీరూ "నడుం కొలత ఎంత" అని, "అచ్ఛా" అని పెట్టేశారు. పక్కన మా డాక్టరు గారు విన్నారు.

రేపటినుంచి ప్రతిదానికీ నంబరుంటుంది. దయచేసి కదలండి.

మీ మేనకోడలు
నీలవేణి

తా.క. నంబర్లు ఎక్కణ్ణుంచి తేవాలో తెలీక, మా వీధిలో వెళ్ళే ఆటోల చివరి రెండంకెలు వేస్తున్నాను. మీ స్టేషన్ మాస్టరుకి చెప్పకండి.


బిలాస్‌పూర్
24 జూలై. ముసురు. గొడుగు పుల్ల బాగుచేశాను.

అమ్మా నీలవేణీ,

నంబర్లు సక్రమంగా అందుతున్నాయి.

నిన్న పొద్దున్న 5.40కి "నడక మొదలుపెట్టండి, 73" అని వచ్చింది. తిరిగి 18 పంపి బయల్దేరాను. ఆగమని రాలేదు. వదిలిన బండిని ఉత్తర్వు లేకుండా ఆపకూడదు. లింగియాడీహ్ పేట కూడా దాటాను. ఎనిమిదింటికి మీ అత్త రిక్షాలో వచ్చి పట్టుకుంది.

"ఏటండీ, అలాగ ఏ ఊరు ఎల్లిపోతన్నారు?"

"ఆగమని నంబరు రాలేదు."

"మీ నంబరు గంగలో కలవా! ఎక్కండి ముందు."

రిక్షావాడు నన్ను చూసి, ఇద్దరు కాదు, ముగ్గురి సవారీ అన్నాడు. మీ అత్త వాడితో దెబ్బలాడింది. నాకు వాడి మాట సబబుగానే తోచింది.

పార్సిల్ ఆఫీసు కాటా మీద ఎనభై రెండున్నర.

మావయ్య
సింహాచలం

తా.క. "రాత్రి పుల్కాలు రెండే, 46" అన్నావు. రెండే తింటున్నాను. కొలత నువ్వు చెప్పలేదు కాబట్టి మీ అత్త కంచమంత చేస్తోంది.


విశాఖపట్నం
14 సెప్టెంబరు

మావయ్యా,

ముందు తిట్టండి, తరవాత చదవండి.

ఆస్పత్రివాళ్ళు ఆగస్టు 18తో ఈ మెసేజీల పని ముగించి ఫోను వెనక్కి తీసుకున్నారు. ఆ వారమే మా చంటాడికి జ్వరం. మీకు చెప్పడం మరిచిపోయాను. ఇవాళ ఒక ఆటో వెనక 73 చూశాక గుర్తొచ్చింది. నంబరు లేక ఈ నెలరోజులూ మీరు మంచం దిగి ఉండరు. ఫోను చేస్తే "డ్యూటీ" అని పెట్టేశారు. మెడికల్ ఇంక పదమూడు రోజులే. కేబిన్ పోతే ఆ పాపం నాదే. నా సొంత ఫోను నుంచి పంపనా? ఒక్క ముక్క రాయండి.

మీ నీలవేణి

తా.క. పుల్కా అరచెయ్యంత ఉండాలి. మీ అరచెయ్యి కాదు, అత్తది.


బిలాస్‌పూర్
28 సెప్టెంబరు. వాన వెలిసింది. సైకిలు గొలుసుకి నూనె వేశాను.

అమ్మా నీలవేణీ,

మెడికల్ అయ్యాకే రాద్దామని ఆగాను.

నీ మెసేజీలు ఆగస్టు 18తో ఆగినట్టు నా పుస్తకంలోనూ ఉంది. 19న రాలేదు. నేను కదల్లేదు. మీ అత్త రెండుసార్లు నా ఫోను తీసి చూసి పెట్టేసింది. 20న 5.40కి ఒకటి వచ్చింది. మాటలు లేవు. ఉత్త 1. మర్నాడు 2. ఆ మర్నాడు 3.

ప్రైవేటు నంబర్లు ఎప్పుడూ వరసగా ఉండవు. అంచేత ఎక్కణ్ణుంచి వచ్చిందో చూశాను. పక్క క్వార్టరు అమ్మన్న ఫోను అది. అమ్మన్నకి షెడ్డులో నైట్ డ్యూటీ, ఫోను ఇంట్లో వదిలి వెళ్తాడు. ఆ వేళకి మా గుమ్మంలో మీ అత్త చెప్పులుండవు. అయిదూ యాభైకి వాళ్ళ పెరట్లోంచి కరివేపాకు పట్టుకుని వస్తుంది. నెల దాటింది, రోజూ కరివేపాకే. మీ అత్తకి అక్షరాలు రావు. అంకెలు వచ్చు.

మాట లేని ఉత్త నంబరు మీద కదలకూడదు. ముప్ఫై నాలుగేళ్ళలో ఎన్నడూ కదల్లేదు. ఆవేళ లేచి చెప్పులు తొడుక్కున్నాను.

నిన్న డెబ్భై తొమ్మిది. ఒక కిలో తగ్గాల్సి ఉండిపోయింది. డాక్టరు గారు కార్డు చూసి, నన్ను చూసి, "ఠీక్ హై, కేబిన్‌లోనే ఉండు" అన్నారు. ఇంటికొచ్చి చెప్తే మీ అత్త "అచ్ఛా" అని లోపలికెళ్ళి చాలాసేపు గిన్నెలు తోమింది. తోమిన గిన్నెలే.

నువ్వు పంపనక్కర్లేదు. నాకు తెలుసని ఆవిడకి చెప్పకు.

మావయ్య
సింహాచలం

తా.క. 29 పొద్దున్న. మెడికల్ అయిపోయింది కదా, ఇంక రాదనుకున్నాను. 5.40కి 41 వచ్చింది. కవరు అంటించి బయల్దేరుతున్నాను.